పడ్డారని ఆ రాత్రే చెప్పండి: వృద్ధాశ్రమాల నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్ చుట్టుపక్కల వృద్ధాశ్రమాలు, కేర్ హోమ్‌లు నడుపుతున్న యజమానులకు, మేనేజర్లకు, అలాగే రెండు రాష్ట్రాల్లో వయోవృద్ధుల సంక్షేమం చూసే శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను అడిగేది ఒక్కటే. మీ దగ్గర ఉంటున్న మా అమ్మో, నాన్నో, అత్తగారో కింద పడినా, ఒంటికి దెబ్బ తగిలినా, వేడినీళ్లు పడి కాలినా, పొరపాటున వేరేవాళ్ల మాత్ర వేసినా, అది మీకు తెలిసిన గంటలోపు మా ఇంటికి ఫోన్ రావాలి. మర్నాడు పొద్దున కాదు, డాక్టరు గారు వచ్చి చూశాక కాదు, మేనేజర్ గారు ఊరినుంచి తిరిగొచ్చాక కాదు. "పడ్డారండీ, ఎంత దెబ్బో ఇంకా తెలీదు, చూస్తున్నాం" అన్న ఒక్క ముక్క చాలు. ఆ ఒక్క ముక్క కోసం ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సి వస్తోందంటే, అది రాక ఇబ్బంది పడ్డ కుటుంబాలు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి కాబట్టి. వాటిలో మాదీ ఒకటి.

మా అమ్మ సంగతి చెప్తాను. హోమ్ పేరు రాయను, ఈ ఉత్తరం ఆ ఒక్క హోమ్ కోసం కాదు. నగర శివార్లలో ఉంటుంది, నెల నెలా డబ్బు కట్టే చోటే, శుభ్రంగానే ఉండేది, భోజనం గురించి అమ్మ ఎప్పుడూ వంక పెట్టలేదు. అంతకుముందు ఒకసారి పక్షవాతం వచ్చి తగ్గింది కాబట్టి రక్తం పలచబడే మందులు వాడుతుండేది. నేనుండేది విశాఖలో, అన్నయ్య అమెరికాలో. ఒక శనివారం సాయంత్రం మామూలుగా ఫోన్ చేస్తే గొంతు నీరసంగా ఉంది, ఏమ్మా అంటే "ఏం లేదే, కాలు కొంచెం లాగుతోంది" అంది. అనుమానం వచ్చి ఫోన్ ఆయాకి ఇవ్వమన్నాను. ఆమె పాపం అమాయకంగా, "అమ్మగారు మొన్న గురువారం రాత్రి బాత్‌రూమ్‌లో పడ్డారు కదమ్మా, మీకు చెప్పలేదా?" అంది.

కూకట్‌పల్లిలో ఉండే మా పెదనాన్న కొడుకు గంటలో అక్కడికి వెళ్లాడు. దుప్పటి తీసి చూస్తే కుడికాలు ఎడమకాలి కంటే పొట్టిగా కనిపిస్తోంది, పాదం పూర్తిగా బయటివైపు తిరిగిపోయి ఉంది, తుంటి నుంచి తొడ సగం దాకా నల్లగా కమిలిపోయింది. మంచం పక్కన స్టూలు మీద నొప్పికి కొట్టే స్ప్రే డబ్బా, దాని పక్కనే సగం తాగిన మజ్జిగ గ్లాసు. పడితే రాసే పుస్తకం ఏదైనా ఉందా అని అడిగితే ఆఫీసు గదిలో ఉన్న పొడుగు రిజిస్టరు తెచ్చి చూపించారట. అందులో గురువారం తేదీ కింద ఇలా ఉంది: "రాత్రి 11.40, బాత్‌రూమ్‌లో జారారు, బాగానే ఉన్నారు." దాని పై వరసలో గ్యాస్ సిలిండర్ వచ్చిన సంగతి, కింది వరసలో పాల లెక్క. వాడు ఆ పేజీ ఫోటో తీసి పంపాడు, ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

తుంటి ఎముక విరిగింది. అంటే గురువారం రాత్రి నుంచి శనివారం సాయంత్రం దాకా విరిగిన ఎముకతో ఆమెను పక్కకి తిప్పారు, డైపర్ మార్చారు, కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టారు. ఎవరూ కావాలని చేసింది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. విరిగిందని వాళ్లకు తెలీదు. కానీ మాకు ఆ రాత్రే చెప్పి ఉంటే, అమ్మ రక్తం పలచబడే మందులు వాడుతోందని, కాలి మీద బరువు వేయనివ్వొద్దని, ఎక్స్‌రే తీసేదాకా కదపొద్దని మా అన్నయ్య అమెరికా నుంచే చెప్పేవాడు, ఎందుకంటే మా వదిన ఆసుపత్రిలోనే పనిచేస్తుంది. ఆపరేషన్ అయింది, అమ్మ బతికింది, ఇప్పుడు నా దగ్గరే ఉంది, వాకర్ పట్టుకుని హాల్లోంచి వంటింటి దాకా వస్తుంది. అంతకుముందు ఆమె వాకర్ లేకుండా నడిచేది.

పడటం మీద నాకు కోపం లేదండీ. ఇది మీరు నమ్మాలి, ఎందుకంటే మీలో చాలామంది ఫోన్ చేయకపోవడానికి మొదటి కారణం ఇదే. ఆ వయసులో మనుషులు పడతారు. మా ఇంట్లో, నా కళ్ల ముందే, పట్టుకునేలోపే పడ్డారు. తడి నేల, రాత్రి చీకటి, బీపీ మాత్రల వల్ల లేచి నిలబడగానే కళ్లు తిరగడం, చూపు తగ్గడం, వదులైన చెప్పులు, కాళ్లలో సత్తువ లేకపోవడం, ఇవన్నీ ఇంట్లోనూ ఉంటాయి, మీ దగ్గరా ఉంటాయి. అన్నీ సరిగ్గా చేసినా ఏదో ఒక రోజు ఎవరో ఒకరు పడతారు. దాచడం మాత్రం అలా కాదు, అది మనుషులు ఎంచుకుని చేసే పని.

గంటలోపు అని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్తాను. తుంటి విరిగిన పెద్దవాళ్లకు ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలని వైద్యులు పదేపదే చెప్తారు. ఆలస్యమయ్యే కొద్దీ మంచాన పడి ఉండటం వల్ల ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, నడుం కింద పుండ్లు పడతాయి. విరిగిన ఎముక కంటే ఇవే మనిషిని తీసుకెళ్లిపోతాయి. తలకు దెబ్బ తగిలితే ఇంకా కష్టం. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, ఎసిట్రోమ్ లాంటి రక్తం పలచబడే మందులు వాడే మనిషికి తల గోడకు తగిలితే పైకి చిన్న బొప్పి కూడా కనపడకపోవచ్చు, లోపల మాత్రం రక్తం నెమ్మదిగా చేరుతూ ఉండొచ్చు. అప్పుడు వాళ్లు మగతగా ఉంటారు, తికమకగా మాట్లాడతారు, ఎక్కువసేపు నిద్రపోతారు. డ్యూటీ మారిన ఆయాకి పడ్డ సంగతి తెలీదు కాబట్టి "ఇవాళ అమ్మగారు హాయిగా నిద్రపోతున్నారు" అనుకుంటుంది. కొందరికి ఈ లక్షణాలు రోజులు, వారాలు గడిచాక గానీ బయటపడవు, అప్పుడు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఈమధ్య ఎక్కడైనా పడ్డారా?" అని. మాకు తెలీకపోతే లేదనే చెప్తాం. ఆ తప్పుడు జవాబు మా నోటితో మీరు చెప్పించినట్టే.

ఇంకో సంగతి. ఆ మనిషి మందుల చీటీలన్నీ మీ దగ్గర ఉండవు. ఏ మందు పడదు, ఇదివరకు మత్తు ఇచ్చినప్పుడు ఏమైంది, ఇన్సూరెన్స్ ఏ ఆసుపత్రిలో చెల్లుతుంది, ఆరోగ్యశ్రీ కార్డు ఎవరి దగ్గరుంది, పాత సీటీ స్కాన్ ఫిల్ము ఏ బీరువాలో ఉంది, ఇవన్నీ మా దగ్గరే ఉంటాయి. ఆపరేషన్‌కి సంతకం పెట్టాల్సిందీ, డబ్బు సర్దాల్సిందీ మేమే. మాకు చెప్పకుండా కాలయాపన చేస్తే నష్టపోయేది మంచం మీద ఉన్న మనిషి.

మీరు ఎందుకు చెప్పరో కూడా నేను ఆలోచించాను, ఇద్దరు ముగ్గురు మేనేజర్లతో కూర్చుని మాట్లాడాను. వాళ్లు చెప్పినవి కొట్టిపారేయాల్సిన కారణాలు కావు. రాత్రిపూట ముప్పై మందికి ఇద్దరు ఆయాలుంటారు, ఒకరిని లేపి కూర్చోబెట్టేలోపు ఇంకొకరు పిలుస్తారు. కుటుంబానికి ఫోన్ చేసే అధికారం ఆయాకి ఉండదు, మేనేజర్‌ని అడగాలి, మేనేజర్ నిద్రలో ఉంటాడు. ఫోన్ చేస్తే అవతలివాళ్లు అరుస్తారు, "మీకు నెలకి ఇన్ని వేలు ఎందుకు ఇస్తున్నాం?" అంటారు. ఒకాయనైతే చెప్పాడు, ఒక ఇంట్లో పెద్దాయన పడ్డాడని నిజాయితీగా చెప్తే కొడుకు వచ్చి వీడియో తీసి సోషల్ మీడియాలో పెట్టాడట, ఆ నెల నాలుగు గదులు ఖాళీ అయ్యాయట. అప్పటినుంచి చిన్నవి చెప్పడం మానేశామన్నాడు. ఆయన మొహంలో సిగ్గు కనిపించింది. నాకు ఆయన మీద కోపం రాలేదు.

అయితే చిన్నదా పెద్దదా అని తేల్చేది ఎవరు? చిక్కంతా అక్కడే ఉంది. మా అమ్మ విషయంలో రాత్రి పన్నెండింటికి, నర్సింగ్ చదవని, పొద్దుటినుంచి పనిచేసి అలసిపోయిన ఒక ఆయా అది చిన్నదని తేల్చింది. అంత బరువు ఆమె నెత్తిన పెట్టడం ఆమెకూ అన్యాయమే. అందుకే తేల్చే పని అసలు వద్దు అంటున్నాను. పడ్డారా, ఫోన్. తలకి తగిలిందా, మొదట అంబులెన్స్, ఆ వెంటనే ఫోన్. ఎవరినీ అడగాల్సిన పని లేకుండా, రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లే చేసేయాలి. దానికి కావాల్సింది బ్యాలెన్స్ ఉన్న ఒక ఫోను, గోడకి అంటించిన నంబర్ల కాగితం, "ఫోన్ చేసినందుకు నిన్ను ఎవరూ ఏమీ అనరు" అని మీరు ఇచ్చే మాట. ఆ మూడోదే అన్నిటికంటే ముఖ్యం. ఫోన్ చేసిన ఆయాని మర్నాడు మీరు తిడితే ఇంకెప్పుడూ చేయదు.

అర్ధరాత్రి లేపడం ఎందుకని కొందరు మొహమాటపడతారు. లేపండి. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే గుండె ఆగినంత పనవుతుంది, నిజమే, కానీ మర్నాడు తెలిసినప్పుడు అయ్యేది అంతకంటే ఎక్కువ. పైగా మన పెద్దవాళ్లలో చాలామంది పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు, ఇక్కడ రాత్రి రెండంటే వాళ్లకు మధ్యాహ్నమే, ఆఫీసులో మేలుకునే ఉంటారు. అందుకే రెండు నంబర్లు తీసుకోండి. ఒకటి నిర్ణయం తీసుకునే మనిషిది, ఇంకోటి గంటలో మీ గుమ్మం ముందుకి రాగలిగే మనిషిది. వాట్సాప్ గ్రూప్‌లో "యువర్ మదర్ ఈజ్ ఓకే, మైనర్ స్లిప్" అని ఒక మెసేజ్ పెట్టి, పక్కన దండం బొమ్మ పెట్టి వదిలేయకండి. పండగ ఫోటోల మధ్య అది ఎవరికీ కనపడదు. ఫోన్ చేసి మనిషితో మాట్లాడాలి, ఎత్తకపోతే రెండో నంబరుకు చేయాలి, చేసిన టైము రాసుకోవాలి.

ఏం చెప్పాలంటే, పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఎన్నింటికి, ఎక్కడ, ఎవరైనా చూశారా లేక వెళ్లేసరికే కింద ఉన్నారా, తెలివిలో ఉన్నారా, తల తగిలిందా, లేచి నిలబడగలిగారా, ఎక్కడ నొప్పి అంటున్నారు, ఇప్పుడు మీరు ఏం చేస్తున్నారు. తెలీనిది తెలీదని చెప్పండి. "ఎలా పడ్డారో మేం చూడలేదండీ" అంటే మేం అర్థం చేసుకుంటాం. "జారారు" అని ముందే ఒక కథ తయారుచేసి చెప్పకండి, ఎందుకంటే జారి పడటం వేరు, కళ్లు తిరిగి పడటం వేరు, మళ్లీ చిన్న పక్షవాతం వచ్చి కాలు పట్టు తప్పడం వేరు, డాక్టరు చేసే పరీక్షలు దాన్నిబట్టే మారతాయి. సీసీటీవీ ఉంటే ఆ రోజు రికార్డింగ్ చెరిగిపోకుండా తీసి పెట్టండి.

దెబ్బ అంటే పడటమొక్కటే అనుకోవద్దు. చర్మం కాగితంలా పలచబడ్డ వాళ్లకు మంచం అంచు తగిలినా చీరుకుంటుంది. చేతుల మీద నల్లటి మచ్చలు మందుల వల్ల రావొచ్చు, గట్టిగా పట్టుకుని లాగడం వల్లా రావొచ్చు, ఏదైనా సరే కనపడ్డ రోజు చెప్పాలి. అన్నం ముద్ద గొంతుకి అడ్డం పడటం, మతిమరుపు ఉన్నవాళ్లు గేటు దాటి వెళ్లిపోయి దొరకడం, ఒక గదిలో ఇద్దరు కొట్టుకోవడం, ఇవన్నీ మాకు తెలియాల్సినవే. ఇక బెడ్‌సోర్ సంగతి. నడుం కింద ఎర్రగా అయి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోని రోజునే చెప్తే గాలి పరుపు కొంటాం, ఒక మనిషిని పెట్టుకుంటాం. గుంట పడి, వాసన వచ్చాక చెప్తే ఏం చేయగలం? చాలా ఇళ్లలో ఆ పుండు మొదటిసారి కనపడేది ఆసుపత్రి నర్సు పక్కకి తిప్పినప్పుడే.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న మాట. "పెద్దావిడే చెప్పొద్దన్నారండీ." అవును, అంటారు. మన తల్లిదండ్రులందరూ అదే అంటారు. "పిల్లలకి చెప్పకండి, పాపం టెన్షన్ పడతారు, సెలవు పెట్టుకుని వస్తారు, రేపటికి తగ్గిపోతుంది." మా అమ్మ కూడా అనే ఉంటుంది, నాకు అనుమానం లేదు. ఫోన్‌లో నాతోనే "కాలు లాగుతోంది" అని సరిపెట్టిన మనిషి కదా. తెలివిలో ఉన్న మనిషి తన ఒంటి గురించి ఎవరికి చెప్పాలో తనే నిర్ణయించుకోవాలి, అందులో నాకు రెండో మాట లేదు, హోమ్‌లో చేరినంత మాత్రాన ఆ హక్కు పోదు. కానీ ఆ ప్రశ్న అడగాల్సింది చేరిన రోజున, ప్రశాంతంగా కూర్చోబెట్టి. "మీకు దెబ్బ తగిలితే ఎవరికి చెప్పమంటారు? ఎవరికి వద్దంటారు?" అని. అది కాగితం మీద రాసుకుని సంతకం తీసుకోండి. బాత్‌రూమ్ నేల మీద, తడిబట్టలతో, సిగ్గుతో, నొప్పితో ఉన్న మనిషి "చెప్పొద్దులే" అంటే దాన్ని పట్టుకుని రెండు రోజులు ఊరుకోవడం ఆమె మాటకు గౌరవం ఇచ్చినట్టు కాదు. ఇంటికి చెప్పొద్దని ఆమె నిజంగానే గట్టిగా అనుకున్నా, డాక్టరుకు చెప్పడం ఆగకూడదు.

మతిమరుపు బాగా ముదిరిన వాళ్ల సంగతి వేరే చెప్పాలి. వాళ్లు పడ్డామని చెప్పలేరు, ఎక్కడ నొప్పో చెప్పలేరు, అడిగితే నలభై ఏళ్ల కిందటి సంగతేదో చెప్తారు. తినడం మానేస్తారు, ఎవరైనా ముట్టుకుంటే కొడతారు. "ఈమధ్య బాగా కోపం ఎక్కువైంది" అని మీరు అనుకునేది నొప్పి కావొచ్చు. వాళ్ల తరఫున సాక్ష్యం ఆ రిజిస్టరు ఒక్కటే. దయచేసి దాన్ని గ్యాస్ సిలిండర్ల లెక్కలతో కలపకండి. దెబ్బలకు వేరే పుస్తకం పెట్టండి, పేజీలకు నంబర్లు వేయండి, ఇంటికి ఫోన్ చేసిన టైము, మాట్లాడిన వాళ్ల పేరు అందులోనే రాయండి, మేం అడిగితే చూపించండి.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టి అడుగుతున్నది కాదు. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గరలా చిన్న ఆసుపత్రి కాదు, పెద్దవాళ్లు ఉండే కేర్ హోమ్ లాంటిది. అక్కడ 1987లో వచ్చిన నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం, దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం అక్కడి నర్సింగ్ హోమ్‌లో ఎవరికైనా దెబ్బ తగిలి, డాక్టరు చూడాల్సిన అవసరం రావొచ్చు అనిపిస్తే, ఆ మనిషికి, డాక్టరుకి, కుటుంబ ప్రతినిధికి వెంటనే చెప్పాలి. నిబంధనలో ఉన్న మాట "వెంటనే" అనే. ఆరోగ్యం ఒక్కసారిగా మారినా, మందులు పెద్దగా మార్చాల్సి వచ్చినా, ఆసుపత్రికి పంపాలనుకున్నా చెప్పి తీరాలి. ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్ ఆసుపత్రిలో రోగులను పట్టించుకోక జరిగిన ఘోరాల మీద 2013లో ఫ్రాన్సిస్ విచారణ నివేదిక వచ్చాక, తీవ్రమైన హాని జరిగితే దాచకుండా చెప్పడం చట్టబద్ధమైన బాధ్యత అయింది. 2014లో ప్రభుత్వ ఆసుపత్రులకు, 2015 ఏప్రిల్ నుంచి కేర్ హోమ్‌లతో సహా మిగతా సంస్థలకు అది వర్తించింది. జరిగింది నిజంగా చెప్పాలి, క్షమాపణ చెప్పాలి, రాతపూర్వకంగా ఇవ్వాలి. క్షమించమన్నంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని అక్కడ 2006లోనే ఒక చట్టంలో రాశారు. మన మేనేజర్లకు ఉన్న భయం వాళ్లకూ ఉండేదన్నమాట, ఆ భయం తీర్చే మాట కూడా చట్టంలో పెట్టారు. ఆ దేశాల్లో అన్నీ సజావుగా ఉన్నాయని నేను అనను, అక్కడా దాచేవాళ్లు ఉంటారు, కానీ దాచితే అడగడానికి అక్కడివాళ్ల చేతిలో ఒక కాగితం ఉంది. మన తెలుగువాళ్లు ఎంతమంది ఆ హోమ్‌లలో నర్సులుగా, సహాయకులుగా పనిచేస్తున్నారో మీకూ తెలుసు. అక్కడ ఎవరో పరాయి ముసలాయన పడితే పది నిమిషాల్లో ఆయన కూతురికి ఫోన్ చేసే మన అమ్మాయికి, ఇక్కడ సొంత నాన్న పడ్డ సంగతి మూడో రోజు తెలియడం ఏం న్యాయం చెప్పండి?

శాఖల అధికారులకు ఇక్కడి నుంచి. మనకు 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పెద్దవాళ్లను వదిలేసిన పిల్లలకు మూడు నెలల దాకా జైలు అని అందులో ఉంది, మంచిదే, ఉండాలి. కానీ ఆ పెద్దాయన ఉంటున్న హోమ్‌లో ఆయనకు దెబ్బ తగిలితే ఎవరు ఎవరికి ఎప్పటిలోగా చెప్పాలన్నది ఆ చట్టంలో లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు, కేర్ హోమ్‌లు రిజిస్టర్ చేయించుకోవాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అని. అది చట్టం కాకుండానే 2024లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. సరే, ఢిల్లీ సంగతి ఢిల్లీది. వృద్ధాశ్రమాల నిర్వహణకు ప్రమాణాలతో కూడిన పథకం రూపొందించే అధికారం 2007 చట్టం సెక్షన్ 19 మీకే, అంటే రాష్ట్రాలకే ఇచ్చింది. దాని కింద ఒక్క పేజీ చేర్చడానికి ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. దెబ్బ తగిలితే గంటలోపు కుటుంబానికి ఫోన్, ఇరవై నాలుగు గంటల్లో రాతపూర్వకంగా వివరం, దెబ్బలకు విడిగా రిజిస్టరు, తనిఖీకి వచ్చిన అధికారి వంటగది చూసినట్టే ఆ రిజిస్టరు కూడా చూడటం. కుటుంబమే లేని వాళ్ల సంగతి కూడా అందులో రాయాలి, ప్రభుత్వ ఆశ్రమాల్లో అలాంటివాళ్లే ఎక్కువ. వాళ్లకు దెబ్బ తగిలితే ఆ ఫోన్ జిల్లా అధికారికి రావాలి. ఎవరూ లేరు కదా అని ఎవరికీ చెప్పకపోతే, వాళ్ల గురించి అడిగే నాథుడే ఉండడు.

యజమానులకు ఇంకొక్కటి, బెదిరింపుగా అనుకోకండి, తెలిసి ఉండటం మంచిదని చెప్తున్నా. డబ్బు తీసుకుని సేవ అందించే హోమ్ వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం అంటే ఏమిటో చెప్పేచోట, తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా లోపమేనని రాసి ఉంది. పడ్డందుకు మిమ్మల్ని కోర్టుకు లాగడం కష్టం, దాచినందుకు లాగడం తేలిక. మీ లాయరుని అడిగినా ఫోన్ చేయమనే చెప్తాడు.

కుటుంబాల వాళ్లకూ రెండు మాటలు చెప్పాలి. ఆయా ఫోన్ చేసి "అమ్మగారు పడ్డారండీ" అనగానే ఆమె మీద విరుచుకుపడకండి. నిజం చెప్పినందుకు తిట్లు తిన్న మనిషి రెండోసారి చెప్పదు, మీకే కాదు, ఆ హోమ్‌లో ఉన్న ఏ కుటుంబానికీ చెప్పదు. "ఫోన్ చేసినందుకు థాంక్స్ అమ్మా, ఇప్పుడు ఎలా ఉంది?" అని మొదలుపెట్టండి, అడగాల్సినవి మర్నాడు మేనేజర్‌ని అడగొచ్చు, గట్టిగానే అడగొచ్చు. ఫోన్ నంబరు మారితే హోమ్‌కి చెప్పండి. రాత్రిపూట ఫోన్ సైలెంట్‌లో పెట్టినా హోమ్ నంబరు మాత్రం మోగేలా పెట్టుకోండి. నెలల తరబడి ఫోన్ ఎత్తని కొడుకులు ఉన్నారని మేనేజర్లు చెప్తే నేను ఎదురు చెప్పలేకపోయాను. రోజూ వీడియో కాల్ చేసేవాళ్లు మొహం ఒక్కటే చూసి పెట్టేయకుండా, "అమ్మా, ఒకసారి లేచి నిలబడు" అనండి. హోమ్ ఎంత అడిగినా నోరు విప్పకపోతే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయొచ్చు, ఉచితమే, పెద్దవాళ్లే నేరుగా చేసినా మాట్లాడతారు.

కొత్తగా హోమ్ వెతుక్కుంటున్న వాళ్లు గదులు, తోట, గుడి, మెనూ చూశాక, అడ్వాన్స్ కట్టే ముందు ఒక ప్రశ్న అడగండి. "రాత్రి పన్నెండింటికి మా నాన్న పడితే నాకు ఎవరు ఫోన్ చేస్తారు, ఏ నంబరు నుంచి?" మేనేజర్ సమాధానం విన్నాక, కుదిరితే రాత్రి డ్యూటీలో ఉండే మనిషిని కూడా అదే అడగండి. ఇద్దరూ ఒకే మాట చెప్తే, దాన్నే అడ్మిషన్ ఫారంలో రాయించి సంతకం పెట్టించుకోండి. నేను అడిగిన హోమ్‌లలో ఒకాయన వెంటనే పెన్ను తీసి ఫారం వెనక రాసిచ్చాడు, "పడినా, దెబ్బ తగిలినా గంటలోపు ఇంటికి ఫోన్ చేస్తాం" అని, కింద హోమ్ స్టాంపు వేసి. ఆయనకు దానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మిగతా హోమ్‌ల వాళ్లు కూడా ఆ ఒక్క వాక్యం ఫారంలో అచ్చు వేయించాలని, శాఖలు దాన్ని అందరికీ తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
హోమ్‌లో పడిన ఒక అమ్మకి కూతురు,
విశాఖపట్నం